తక్కువ మాట్లాడితే తప్పా?

ప్రశ్న: మీటింగుల్లో అడిగితేనే నోరు విప్పుతాను. ఇంట్లో దీన్నే అణకువ అని మెచ్చుకుంటారు, ఆఫీసులో మాత్రం చొరవ లేదంటున్నారు. నేను మారాలా అండీ?

జవాబు: మీ స్వభావం ఒక్కటే, చూసే కళ్ళు వేరు. షాంఘై బడిపిల్లల మీద మనస్తత్వ శాస్త్రవేత్త షిన్‌యిన్ చెన్ బృందం చేసిన పరిశోధనే చూడండి: 1990లో బిడియస్తులైన పిల్లల్ని తోటివాళ్ళు బాగా ఇష్టపడేవారు, చదువులోనూ వాళ్ళు ముందుండేవారు, అదే ఊళ్ళో 2002 నాటికి, మార్కెట్ పోటీ పెరిగి చొరవకు విలువ వచ్చాక, అలాంటి పిల్లల్నే దూరం పెట్టడం కనిపించింది. బిడియం అదే, దానికిచ్చే మార్కులే తారుమారయ్యాయి! అందుకని టెన్షన్ పడకండి. చెప్పాల్సిన ఒక్క పాయింట్ ముందే రాసుకుని మీటింగ్ మొదట్లోనే చెప్పేయండి. తర్వాత హాయిగా వినండి, వినడమూ పనే, అది పైవాళ్ళకి తెలిసేలా తేలిన విషయాలు రాసి మెయిల్ చేయండి.