ఎండకు ట్రైల్ రేసు మధ్యలో మానేశాను, తప్పు చేశానా?

గుట్టల్లో మట్టిదారుల వెంట సాగే యాభై కిలోమీటర్ల ట్రైల్ రేసులో ఎండ తట్టుకోలేక 38 దగ్గర ఆగిపోయాననీ, ఫ్రెండ్స్ ఎగతాళి చేస్తున్నారనీ, ఇంకాస్త ఓర్చుకుని ఉండాల్సిందేమో అనీ అడిగారు. నేను 34 దగ్గరే ఆగిపోయినవాణ్ణి. నా ముందు మీరు తలెత్తుకునే మాట్లాడొచ్చు.

మాది తిరుపతి. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కేవాణ్ణి. 3,550 మెట్లు, మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా నిలబడకుండా. ఆ ధీమాతోనే దామలచెరువు వైపు మామిడి తోటలూ గుట్టల మధ్య పెట్టిన పరుగుకు డబ్బు కట్టాను. ఏప్రిల్ నెల. అలిపిరి దారికి చాలామటుకు పైకప్పు ఉంటుందనీ, నేను ఎక్కేదంతా నీడలో, అదీ చల్లటి పూటలోననీ అప్పట్లో తట్టలేదు. ఒంటికి ఎండ అలవాటు కావాలంటే పది పధ్నాలుగు రోజులు ఎండలోనే కదలాలి. కాళ్ళు గట్టివైతే సరిపోదు.

ఐదింటికి మొదలన్నారు. ముఖ్య అతిథి వచ్చి, శాలువా కప్పించుకుని, ఫోటోలు దిగి, జెండా ఊపేసరికి ఆరూ నలభై. ఆ గంటా నలభై నిమిషాలు మిట్టమధ్యాహ్నం వచ్చి మా నెత్తిన పడతాయని ఒక్కరికీ అనిపించలేదు. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో పరుగు పెట్టేవాళ్ళు రాత్రి పూటైనా పెట్టాలి, లేదా మానుకోవాలి. దీని మీద నాతో వాదనకు రావద్దు.

ఇరవై దాకా బాగానే వెళ్ళాను. దారిలో ఆగి తాగి తినడానికి పెట్టే ఎయిడ్ స్టేషన్లలో నీళ్ళూ గ్లూకోజ్ బిస్కెట్లే. ఉప్పు లేదు, మజ్జిగ లేదు, ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. దాహం లేకపోయినా తాగమని వాలంటీర్ పిల్లల బలవంతం. తాగాను, తాగుతూనే ఉన్నాను. ముప్పై దాటేసరికి వేళ్ళు ఉబ్బి ఉంగరం కదలడం మానేసింది. అడుగు వేస్తే కడుపులో నీళ్ళు గలగలమంటున్నాయి. తల దిమ్ముగా ఉంది. ధ్యాస మళ్ళించుకుందామని దారి పక్క మామిడి చెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు తర్వాత ఏమొస్తుందో గుర్తు రాలేదు. అక్కడే కూలబడ్డాను.

వెనకనుంచి వచ్చిన తమ్ముడొకడు "లే అన్నా, ఇంక పదహారే!" అని అరిచి సాగిపోయాడు. ఆ 'పదహారే'లో చివరి 'ఏ' ఉంది చూశారూ, మన రన్నర్లను ఆసుపత్రి పాలు చేసేది అదే. పదహారు కిలోమీటర్లంటే తిరుపతి నుంచి చంద్రగిరి దాటిపోతాం.

తర్వాత వచ్చింది తోట కాపలా అవ్వ. కోతుల్ని తోలడానికి చేతిలో కర్ర.

"ఎవురు నైనా నువ్వు? ఎవురన్నా తరుముకున్నారా?"

"లేదవ్వా, పరుగు పందెం."

"గెలిస్తే ఎంతిస్తారు?"

"డబ్బులేం ఇవ్వరు. ఒక బిళ్ళ ఇస్తారు. మనమే రెండు వేలు కట్టాలి."

కాసేపు నన్నే చూసింది. "ఇంట్లో చెప్పే వచ్చినావా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఉప్పు గట్టిగా వేసిన రాగి అంబలి సత్తు గిన్నెలో పోసి, నంజుకోను ఉల్లిపాయ చేతిలో పెట్టింది. అరగంటకు పదకొండు తర్వాత పన్నెండని తెలిసింది. వ్యాన్ కోసం నిర్వాహకులకు ఫోన్ చేస్తే "లొకేషన్ పెట్టండి సార్" అన్నారు. నెట్ ఉంటే కదా పెట్టడానికి! చివరికి అవ్వ మనవడు టీవీఎస్ మీద రోడ్డు దాకా దించాడు.

నాకు సోడియం పడిపోయిందని నా గట్టి నమ్మకం. రక్త పరీక్ష చేయించలేదు, అయినా నమ్మకమే. ఉత్త నీళ్ళు మోతాదు మించి తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ముదిరితే ఫిట్స్. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్ అనే నూరు మైళ్ళ పరుగులో ఒకప్పుడు దారిలో రన్నర్ల బరువు తూచేవాళ్ళు. బాగా తగ్గినా అనుమానమే, పెరిగినా అనుమానమే. మనకు తూకమంటే కొండ మీద తులాభారం తప్ప ఇంకోటి తెలియదు.

ఆ పరుగులోనే జిమ్ వామ్స్లీ అనే అమెరికా రన్నర్ 2017లో మధ్యలో మానేశాడు. 2018లో వచ్చి కోర్సు రికార్డుతో గెలిచాడు. మీ ఫ్రెండ్స్‌కు ఈ ముక్క చెప్పండి. నా సంగతి మాత్రం ఎత్తకండి, మరుసటి ఏడు నేను అటువైపు పోనేలేదు.

కాళ్ళు పట్టేస్తే నడుస్తూ పోవచ్చు, నేను చాలాసార్లు పోయాను. లెక్క తప్పినా, మాట తడబడినా అక్కడికక్కడ ఆగిపోవాలి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తికమకపడుతుంటే అది వడదెబ్బ. అప్పుడు అంబలి కోసం చూడకూడదు, ఒళ్ళంతా చన్నీళ్ళతో తడుపుతూ అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ఎండ ముందుగా దెబ్బ కొట్టేది బుర్రను, అంటే 'ఇక చాలు' అని చెప్పాల్సినదాన్నే. మీరు 38 దగ్గర ఆ మాట మీకు మీరే అనుకోగలిగారు. నా తరఫున అవ్వ అనాల్సి వచ్చింది.

జూన్‌లో తోతాపురి కాయలు కొనాలన్న సాకుతో ఆ తోటకు వెళ్ళాను. గుర్తుపట్టింది.

"పందెం ఏమైంది నైనా?"

"మానేశాను కదవ్వా, నీ ముందే."

"ఆ పొద్దు అంబలికి నీ కాడ డబ్బులు తీసుకోలేదు," అంది తక్కెడ అందుకుంటూ. "ఇప్పుడు కాయలకు బేరమాడొద్దు."