నియమాలను ప్రోగ్రామ్‌గా రాయాలంటే డియాంటిక్ లాజిక్ చదవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఎవరు ఏం చెయ్యాలి, ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అనే నియమాలను సాఫ్ట్‌వేర్‌లో పెట్టబోతున్నారు. దానికి ఇఫ్-ఎల్స్‌లు చాలవా, డియాంటిక్ లాజిక్ (తప్పనిసరి, అనుమతి, నిషేధం అనేవాటి గురించిన తర్కశాఖ) కూడా చదవాలా అని అడుగుతున్నారు. నేను కొన్నేళ్లుగా ఒప్పందాల్లోనూ డేటా పాలసీల్లోనూ ఉండే షరతులను ప్రోగ్రామ్‌లుగా మార్చే పనిలోనే ఉన్నాను. చదవమనే చెబుతాను. సూత్రాల కోసం కంటే, ఆ లాజిక్ ఎక్కడెక్కడ చిక్కుల్లో పడిందో తెలుసుకోవడానికి చదవండి. ఆ చిక్కులే రేపు మీ ప్రాజెక్టులో బగ్‌లుగా కనిపిస్తాయి.

పునాది పెద్దదేం కాదు. ఫిన్లాండ్ తత్వవేత్త జార్జ్ హెన్రిక్ వాన్ రైట్ 1951లో ‘మైండ్’ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ శాఖ ఇప్పటి రూపం తీసుకుంది. ఒక పని తప్పనిసరి అంటే దాన్ని మానేయడానికి అనుమతి లేదని అర్థం. నిషేధం అంటే అసలు ఆ పనికే అనుమతి లేకపోవడం. తర్వాతివాళ్లు దీన్ని సాధ్య లోకాలతో, అంటే ప్రపంచం ఉండగలిగే రకరకాల తీరులతో, వివరించారు. నియమాలన్నీ చక్కగా పాటించే ఆదర్శ లోకాలు కొన్ని ఉన్నాయనుకోండి. వాటన్నిటిలోనూ జరిగేది తప్పనిసరి, కనీసం ఒకదానిలోనైనా జరిగేదానికి అనుమతి ఉంది, ఎక్కడా జరగనిది నిషిద్ధం. దీనికే స్టాండర్డ్ డియాంటిక్ లాజిక్ అని పేరు.

కానీ మనం ఉన్నది ఆదర్శ లోకంలో కాదు. నియమాన్ని ఎవరో ఒకరు తప్పుతారు, సాఫ్ట్‌వేర్ అవసరం ఎక్కువగా పడేది అప్పుడే. మేం పనిచేసిన ఒక పాలసీలో షరతులు దాదాపు ఇలా ఉండేవి: గడువులోగా వ్యక్తిగత డేటా తొలగించాలి. తొలగించేట్టయితే ఆ వ్యక్తికి హెచ్చరిక నోటీసు పంపకూడదు, ఊరికే టెన్షన్ పెట్టినట్టవుతుంది. తొలగించకపోతే నోటీసు పంపి తీరాలి. చదివితే ఇందులో తికమక ఏమీ లేదు. మా లీగల్ టీమ్‌లో ఒకావిడ మాత్రం మొదటి మీటింగ్‌లోనే అడిగారు: “గడువు దాటింది, డేటా అలాగే ఉంది. ఇప్పుడు మీ సిస్టమ్ ఏమంటుంది?”

మూడు షరతులనూ, ‘తొలగించలేదు’ అన్న వాస్తవాన్నీ కలిపి స్టాండర్డ్ లాజిక్‌లో పెట్టి చూశాం. తొలగించడం తప్పనిసరి, తొలగిస్తే నోటీసు ఉండకూడదు, కాబట్టి నోటీసు పంపకూడదు. మరోవైపు తొలగించలేదు, తొలగించకపోతే పంపాలి, కాబట్టి పంపాలి. రెండూ ఒకేసారి! పరస్పర విరుద్ధమైన బాధ్యతలు ఉండవన్నది ఆ లాజిక్ మూల సూత్రాల్లో ఒకటి, కాబట్టి మొత్తం కూలిపోయినట్టే. షరతు రాసే తీరు మారిస్తే సరిపోతుందేమో అనిపిస్తుంది. అదీ చూశాం. రెండో షరతును మరో రకంగా రాస్తే, డేటా తొలగించలేదన్న వాస్తవం నుంచే అది దానంతటదే వచ్చేస్తుంది. మూడోదాన్ని మారిస్తే అది మొదటి నియమం నుంచే వచ్చేస్తుంది. పాలసీ రాసినవాళ్లు పనిగట్టుకుని విడిగా చెప్పిన ఒక మాట అలా వృథా అయిపోతుంది.

రోడరిక్ చిజమ్ 1963లో చూపించిన పేరడాక్స్ సరిగ్గా ఇదే. ఒకతను పొరుగువాళ్లకు సాయం వెళ్లాలి, వెళ్లేట్టయితే వస్తున్నానని చెప్పాలి, వెళ్లకపోతే చెప్పకూడదు, అతను వెళ్లలేదు. ఆ ఉదాహరణ నిర్మాణం మా పాలసీలో అచ్చంగా కనిపించినప్పుడు నాకు ఈ శాఖ మీద నిజమైన గౌరవం కలిగింది. నియమం తప్పిన తర్వాత కూడా ఏం చెయ్యాలో చెప్పగలదా అన్నదే ఏ లాజిక్‌కైనా నేను పెట్టే మొదటి పరీక్ష. అంతకుముందు 1926లో ఎర్నెస్ట్ మాలీ కట్టిన వ్యవస్థ అసలు ఈ ప్రశ్న దాకా కూడా రాలేకపోయింది. అందులో ‘జరగాలి’, ‘జరిగింది’ రెండూ సమానమైపోతాయని 1939లో కార్ల్ మెంగర్ చూపించాడు. అవి రెండూ ఒకటైతే ఉల్లంఘన అనే మాటకే చోటుండదు.

దీనికి పరిష్కారాలు చాలా వచ్చాయి. బెంగ్ట్ హాన్సన్ 1969లో లోకాలను మంచీ చెడూ అని రెండుగా విడగొట్టకుండా, మెరుగైనవీ తక్కువవీ అని వరసలో పెట్టాడు. అప్పుడు ‘డేటా తొలగించని లోకాల్లో మెరుగైనది ఏది?’ అని అడగొచ్చు. ప్రోగ్రామర్లకు నేను ముందుగా చెప్పేది మాత్రం మేకిన్సన్, వాన్ డెర్ టోర్రె 2000లో ప్రతిపాదించిన ఇన్‌పుట్/అవుట్‌పుట్ లాజిక్. అందులో నియమాలకు నిజం, అబద్ధం అనేవి ఉండవు. వాస్తవాలు లోపలికి వెళ్తే బాధ్యతలు బయటికి వస్తాయి. రూల్ ఇంజిన్‌తో పనిచేసినవాళ్లకు ఇది వెంటనే ఎక్కుతుంది.

పక్కమాటగా ఒకటి. వేదవాక్యాల అర్థాన్ని విచారించిన మీమాంసకులు విధి నిషేధాల మీద ఎంతో లోతుగా ఆలోచించారు. ఏ ప్రాణినీ హింసించకూడదన్న నిషేధం ఒకవైపు, శత్రువును హింసించగోరేవాడు శ్యేనయాగం చెయ్యాలన్న విధి మరోవైపు. ఈ రెండూ ఎలా పొసగుతాయన్నది వాళ్ల చర్చల్లో ప్రసిద్ధమైనది. మీమాంస సూత్రాల ఆధారంగా 2015లో కొందరు పరిశోధకులు ఒక డియాంటిక్ లాజిక్‌నే కట్టి, ఈ సమస్యను అందులో పరిశీలించారు. వీలున్నప్పుడు తప్పకుండా చూడండి.

ఇక చర్య సంగతి. ‘డేటా తొలగిపోయి ఉండాలి’ అన్నదానికీ ‘ఫలానా అధికారి తొలగించాలి’ అన్నదానికీ చాలా తేడా ఉంది. మొదటిదానిలో బాధ్యుడు లేడు. డిస్క్ పాడై డేటా పోయినా అది నెరవేరినట్టే. దీనికోసమే బెల్నాప్, పెర్లాఫ్ 1988లో ‘స్టిట్’ లాజిక్ తెచ్చారు: ఒక వ్యక్తి ఎంచుకున్న దారి వల్లే ఆ ఫలితం ఖాయమైందా అని అది అడుగుతుంది. అదే సంవత్సరం మేయర్ డైనమిక్ లాజిక్‌తో, అంటే ఏ పని చేస్తే ఏ స్థితికి చేరతామో చెప్పే లాజిక్‌తో, ఇంకో దారి వేశాడు. ఏ పని చేస్తే ఉల్లంఘన స్థితికి చేరతామో అది నిషిద్ధం. స్టేట్ మెషీన్లు రాసేవాళ్లకు ఇది సులువుగా పనికొస్తుంది. అయితే ‘పని చెయ్యకపోవడం’ అన్నదాన్ని ఎలా నిర్వచిస్తారో జాగ్రత్తగా చూసుకోండి. గడువు లేకుండా ఫలానావాళ్లు చెయ్యలేదని తేల్చడం కుదరదు.

అనుమతి దగ్గర ఎక్కువమంది తొందరపడతారు. నిషేధం కనిపించలేదు కాబట్టి చెయ్యొచ్చు అన్నది ఒక రకం, స్పష్టంగా ఇచ్చిన అనుమతి ఇంకో రకం. ఎవరు దేన్ని వాడొచ్చో చెప్పే యాక్సెస్ నియమాల ప్రమాణం ఎక్సాక్మల్ (XACML)లో జవాబులు నాలుగు ఉన్నది ఊరికే కాదు: అనుమతి, తిరస్కారం, ఈ నియమం వర్తించదు, తేల్చలేం. మూడోదాన్ని మొదటిదానిలో కలిపేసిన కోడ్‌లు నేను చాలా చూశాను. అనుమతికీ అధికారానికీ కూడా తేడా ఉంది. ఒక మేనేజర్ సంతకం పెడితే ఒప్పందం చెల్లుతుంది, అయినా ఆ సంతకం పెట్టడానికి ఆయనకు అనుమతి ఉండకపోవచ్చు. జోన్స్, సెర్గాట్ 1996లో ఈ రెంటినీ విడదీసి రాసిన వ్యాసం మా డిజైన్‌నే మార్చింది. అప్పటినుంచి ‘చెల్లుతుందా’, ‘అనుమతి ఉందా’ అన్నవి మా దగ్గర రెండు వేర్వేరు ఫీల్డ్‌లు.

మీ నియమాలు కొద్దిగానే ఉంటే ప్రత్యేకమైన లాజిక్ టూల్ అక్కర్లేదు. ప్రతి నియమానికీ ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా, తప్పితే ఏం చెయ్యాలి అన్నవి ముందు కాగితం మీద రాయండి, టెస్టులు నాలుగోదాని నుంచి మొదలుపెట్టండి. ఒకే నియమం కింద ఇద్దరు ముగ్గురు బాధ్యులు కనిపించడం మొదలైతే అప్పుడు స్టిట్ వైపు వెళ్లండి. దానికి జాన్ హార్టీ 2001లో తెచ్చిన పుస్తకం మంచిది; కాస్త నెమ్మదిగా సాగుతుంది, మొదటి అధ్యాయాలు వదలకుండా చదవండి.