ఐస్ స్క్రూ పళ్లు పదునుగానే ఉన్నా ఐసులో ఎందుకు దిగదు?

హిమాచల్‌లోని స్పితిలో ఐసు గోడలెక్కుతూ వాడిన ఐస్ స్క్రూలకు (తాడు తగిలించడానికి ఐసులోకి తిప్పే, కొసన పళ్లున్న బోలు గొట్టాలు) ఇంట్లో ఆకురాయి పట్టారు, పళ్లు సూదుల్లా ఉన్నాయి, అయినా ఐసు మీద గుండ్రంగా గీతలు పడుతున్నాయే తప్ప దిగడం లేదు. మీ ప్రశ్న ఇదే కదా. ఇక్కడ అనుమానించాల్సింది మొనను కాదు, మొన వెనకాల ఉండే వాలును. పంటి అంచు కోసుకుంటూ ముందుకెళ్తే, వెనక భాగం ఐసుకు తగలకుండా దాని నుంచి దూరంగా వాలి ఉండాలి. ఆ వాలును ఆకురాయితో చదును చేసేస్తే పంటి మడమ, అంటే వాలు వెనక కొస, ఐసును రాసుకుంటుంది. ఇక ఎంత నొక్కినా లాభం లేదు.

సరిచేయాలంటే ముందు అదే కంపెనీ, అదే మోడల్ కొత్త స్క్రూ ఒకటి పక్కన పెట్టుకోండి. వాలు ఎంతుండాలో అదే చూపిస్తుంది. పంటి వెనక వాలంతా మార్కర్‌తో నల్లగా పూయండి. వైస్ దవడలకు తోలు ముక్క వేసి స్క్రూను వదులుగానే బిగించండి, గట్టిగా బిగిస్తే గొట్టం సొట్టపోతుంది. సన్న ఆకురాయిని తోసేటప్పుడే ఆనించాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తెయ్యాలి. రెండు తోపుల తర్వాత చూడండి. మడమ దగ్గర మాత్రమే నలుపు పోతే కోణం తప్పుతోంది, వాలంతా సమానంగా పోతే సరిగ్గా ఉంది. ఒక పంటికి ఎన్ని తోపులో మిగతా వాటికీ అన్నే. చివరికి గాజు పలక మీద పళ్లు ఆనేలా నిలువుగా పట్టుకుని, వెనక నుంచి లైటు వేయండి. ఏ పంటి కింద సందు కనిపిస్తే అది పొట్టి. మిగతావాటిని దాని ఎత్తుకు దించాలి.

గొట్టం బయటి ఒంపును మాత్రం ఆకురాయితో అస్సలు రుద్దకండి. పళ్లు కోసే రంధ్రం ఇరుకైతే గొట్టం అందులో బిగుసుకుపోతుంది. బెంచ్ గ్రైండర్ కూడా వద్దు. వేడికి అంచు నీలం తిరిగిందంటే టెంపర్, అంటే ఉక్కు గట్టిదనం, పోయినట్టే. అల్యూమినియం గొట్టానికి స్టీల్ మొన ఉన్న రకాలకు వేడి ఇంకా ప్రమాదం. పెట్‌జల్ కంపెనీ లేజర్ స్క్రూలైతే వాటి కోసమే లిమైస్ అనే పరికరం ఉంది, చేతికి కోణం కుదరనివాళ్లకు అదే మేలు.

పని అయ్యాక లోపలి అంచున వేలికి తగిలీ తగలని బరక మిగులుతుంది. 600 నంబరు ఎమెరీ కాగితాన్ని పుల్లకు చుట్టి ఒకటి రెండుసార్లు తిప్పితే చాలు. దాన్ని వదిలేస్తే, స్క్రూ దిగేటప్పుడు గొట్టంలోకి వచ్చే ఐసు కడ్డీ అక్కడే ఇరుక్కుంటుంది. లోపల తుప్పు పట్టినా అంతే. కొండ మీద స్క్రూ తీయగానే విదిలించండి, కడ్డీ రాకపోతే హ్యాంగర్ (తాడు కొక్కెం తగిలించే తల భాగం) పక్కభాగాన్ని ఐసుకు మెల్లగా తట్టండి. పళ్లను రాతికేసి కొట్టేవాళ్లున్నారు, మళ్లీ ఆకురాయి పని పెట్టుకోవడమే అది.

ఇంటికొచ్చాక పళ్ల మీది తొడుగులు తీసి పూర్తిగా ఆరనిచ్చి, లోపలా బయటా పలచగా నూనె పట్టించండి. తడి మీదే తొడుగు వేస్తే ముందు తుప్పు పట్టేది పళ్లే. ఎక్కడైనా పగులు కనిపించినా, గొట్టం వంగినా, హ్యాంగర్ వదులైనా ఆ స్క్రూకు పదును పెట్టకండి, పక్కన పడేయండి.