ఇంజన్ ‘సీజ్ అయింది’ అంటే అర్థం ఏమిటి?

ఇంజన్ సీజ్ అయిందని మెకానిక్ అంటే, లోపల కదలాల్సిన భాగాలు ఒకదానికొకటి పట్టేసి బిగుసుకుపోయాయని అర్థం. సిలిండర్ అనే గొట్టంలో పైకీ కిందికీ కదిలే పిస్టన్‌కూ, ఆ సిలిండర్ గోడకూ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు మాత్రమే. ఆ సందులో పలుచని ఆయిల్ పొర ఉన్నంతవరకూ లోహం లోహాన్ని రాసుకోదు. ఆయిల్ తగ్గినా, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) కారిపోయి ఇంజన్ మితిమీరి వేడెక్కినా ఆ పొర చెదిరిపోతుంది. పైగా అల్యూమినియం పిస్టన్, పోత ఇనుప సిలిండర్ కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. దాంతో సందు మూసుకుపోతుంది, పిస్టన్ గోడను గీరుకుంటూ అక్కడే ఆగిపోతుంది.

ఉదాహరణకు, ఆయిల్ అడుగంటిన మోటార్ సైకిల్ వేగంగా వెళ్తూనే బలం తగ్గి, ఉన్నట్టుండి వెనుక చక్రం బిగుసుకుంటుంది. ఆ క్షణంలో క్లచ్ నొక్కి చక్రాన్ని ఇంజన్ నుంచి విడదీయడం ప్రాణం కాపాడే పని.

స్టార్ట్ కాని బండి ప్రతిదీ సీజ్ అయినట్టే అనుకోవడం పొరపాటు. బ్యాటరీ దిగిపోయినా స్టార్ట్ కాదు, కానీ కిక్ కొడితే ఇంజన్ తిరుగుతుంది. సీజ్ అయితే కిక్ రాడ్డు కిందికి దిగనే దిగదు. చల్లారాక మళ్లీ తిరిగినా బాగుపడినట్టు కాదు, సిలిండర్ గోడ మీద గీతలు అలాగే ఉంటాయి.