కీమో నడుస్తుంటే మూడు నెలలకోసారి ఎకో నిజంగా అవసరమా?

అమ్మకు రొమ్ము క్యాన్సర్, ట్రాస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు నడుస్తోంది, మాటిమాటికీ టూడీ ఎకో (గుండె స్కాన్) రాస్తున్నారు, ఇది డబ్బులు గుంజే పనేనా అని ఒకరు అడిగారు. మూడేళ్ల కింద ఇదే మాట అన్నవాణ్ణి నేను. అవసరమే. ఎందుకో మా అక్క సంగతి చెబితే తెలుస్తుంది.

మాది దిల్‌సుఖ్‌నగర్. అక్కదీ రొమ్ము క్యాన్సరే, హెర్‌టూ పాజిటివ్, అంటే హెర్‌టూ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం. ముందు నాలుగుసార్లు ఆ ఎర్ర మందు డాక్సోరుబిసిన్, తర్వాత ఏడాదిపాటు ట్రాస్టుజుమాబ్ అన్నారు. మొదటి ఎకోలో గుండె పంపింగ్, అదే ఈఎఫ్ (ఒక్కో కొట్టుకి గుండె ఎంత శాతం రక్తం బయటికి పంపుతుందో ఆ లెక్క), 62. తర్వాతి ఎకోకు చీటీ రాసిచ్చినరోజు మలక్‌పేట బ్రిడ్జి కింద ట్రాఫిక్‌లో గంట పోయింది, ఎకో రూమ్ ముందు రెండు గంటలు పోయాయి. పేరు పిలవలేదు. 'వచ్చేసారి చూద్దాం లే' అని నేనే ఇంటికి తీసుకొచ్చేశాను. పార్కింగ్ వాడు మాత్రం ప్రతి నిమిషానికీ లెక్కకట్టి తీసుకున్నాడు.

మేముండేది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. అక్క మెట్లెక్కుతూ మధ్యలో కరెంటు మీటర్ల దగ్గర ఆగేది. "ఏమైందక్కా?" అంటే "మీటర్ ఎంత తిరిగిందో చూస్తున్నరా" అనేది. నమ్మాను. మా ఇంట్లో కరెంటు బిల్లు గోల ఎప్పుడూ ఉన్నదే. పది రోజులయ్యాక గమనించాను, ఆమె చూస్తున్నది పక్క పోర్షన్ వాళ్ల మీటర్.

అప్పటికీ మాకు బుద్ధి రాలేదు. రక్తం తగ్గిందని బావ బీట్‌రూట్ జ్యూస్ పట్టించాడు. "కీమో అంటే నీరసం ఉండదా మరి" అంది పెద్దమ్మ. క్యాన్సర్ పేషెంట్ ఉన్న ఇంట్లో ఈ నీరసం అనే మాటను ముందు నిషేధించాలి. నీరసంగా ఉన్న మనిషి పడుకుంటే తేరుకుంటుంది. అక్క పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. తన రెండు దిండ్లు చాలక బావ దిండు కూడా లాక్కుంది. పాదాలు వాచి చెప్పులు పట్టనిరోజు పరుగెత్తాం.

ఈఎఫ్ 41.

గుండె డాక్టర్ మొదట అడిగింది "పాత రిపోర్ట్ తెచ్చిన్రా?" అని. అదృష్టం కొద్దీ బట్టల షాపు కవర్లో ఉంది. 62 నుంచి పడిందని ఆ కాగితం చూస్తేనే కదా తెలిసేది. కొన్ని ల్యాబులవాళ్లు అంకె వేయకుండా 'నార్మల్' అని ఒక్క మాట రాసి చేతిలో పెడతారు, నాకు ఒళ్లు మండుతుంది. పైగా టూడీ ఎకోలో చూసే మనిషి మారితే అయిదు, పది పాయింట్లు అటూఇటూ అవుతాయి. ఆఫర్ ఉందని ఒకసారి ఒక ల్యాబ్, ఇంకోసారి ఇంకోటి తిరగకండి. వీలైతే స్ట్రెయిన్ (గుండె కండరం ఎంత బాగా ముడుచుకుంటుందో చెప్పే కొలత) కూడా తీయమనండి, ఈఎఫ్ పడకముందే అది తగ్గుతుంది.

ట్రాస్టుజుమాబ్ ఆపి, గుండె మందులు కార్వెడిలాల్, రామిప్రిల్ మొదలుపెట్టారు. క్యాన్సర్ మందు ఆపితే జబ్బు తిరగబెడుతుందేమోనని ఆ రెండు నెలలూ ఇంట్లో ఒకటే టెన్షన్. మళ్లీ తీస్తే 53. మందు తిరిగి మొదలైంది, కోర్సు పూర్తయింది.

ఎర్ర మందు దెబ్బ డోసు పెరిగేకొద్దీ పోగవుతుందట, ట్రాస్టుజుమాబ్ దెబ్బ ఆపితే చాలామందిలో తగ్గుతుందట. 2001లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో ఈ రెండు రకాలూ కలిపి ఇచ్చినవాళ్లలో 27 శాతం మందికి గుండె దెబ్బతింది, అందుకే ఇప్పుడు మామూలుగా ఒకదాని తర్వాత ఒకటి ఇస్తున్నారు. ఇటలీలో ఎర్ర మందు జాతివి తీసుకున్న 2,625 మందిని ఏళ్లతరబడి ఎకోలతో వెంబడించారు. 9 శాతం మందికి గుండె పంపింగ్ తగ్గింది, దాదాపు అందరికీ కీమో అయిన మొదటి ఏడాదిలోనే. వెంటనే మందులు వేస్తే ఎక్కువమందికి ఎంతోకొంత కోలుకుంది. 2015లో అచ్చయిన ఈ లెక్క నాకు ముందే తెలిసి ఉంటే ఆరోజు ఎకో రూమ్ ముందు నాలుగు గంటలైనా కూర్చునేవాణ్ణి.

ఇంకో గోల. కీమోలో కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే గుండెకేమీ కాదని వాట్సాప్‌లో తిరుగుతోంది. మా మేనల్లుడు అది చదివి అటోర్వాస్టాటిన్ స్ట్రిప్ కొనుక్కొచ్చాడు. వాడిది పూర్తి అబద్ధమేం కాదు. 2023లో 300 మంది లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) పేషెంట్లపై చేసిన ట్రయల్‌లో మాత్ర వేసుకున్నవాళ్లలో 9 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 22 శాతం మందికి ఈఎఫ్ బాగా పడింది. కానీ అంతకు ముందు ఏడాది వచ్చిన ఇంకో ట్రయల్‌లో, ఎక్కువమంది రొమ్ము క్యాన్సర్ వాళ్లే, రెండేళ్లు చూసినా తేడా కనిపించలేదు. అక్క డాక్టర్ వద్దన్నాడు. బావకు కొలెస్ట్రాల్‌కని ఎప్పటినుంచో రాసిన మాత్ర అదే కాబట్టి స్ట్రిప్ వృథా కాలేదు.