ముసలి కుక్క చిక్కిపోతోంది, ఏ తిండి పెట్టాలి?

ప్రశ్న: పశువుల కొట్టం దగ్గర కాపలా ఉండే మా కుక్కకి 11 ఏళ్ళు దాటాయి. 24 కిలోలు ఉండేది ఇప్పుడు 21కి వచ్చింది. ఆకలి ఉంది కానీ ప్యాకెట్ పొడి తిండి పలుకులు నోట్లోంచి జారిపోతున్నాయి. వయసైన కుక్కకి ప్రోటీన్ తగ్గించాలని కొందరు, ముసలి కుక్కలకని అమ్మే సీనియర్ ఫుడ్ కొనమని కొందరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఒక్క మాట అండి, 24లో 3 కిలోలు పోయాయంటే ఒంట్లో ఎనిమిదో వంతు పోయినట్టే, ఇది వయసు వల్లే అని వదిలెయ్యొద్దు, తిండి మార్చేముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి. ఆకలుండి కూడా పలుకులు రాలిపోతున్నాయి అంటే నాకు మొదట అనుమానం పళ్ళ మీదే. పైపెదవి ఎత్తి వెనక దవడ పళ్ళు చూడండి, పంటి మొదట్లో గోధుమరంగు గార, ఎర్రగా వాచిన చిగురు, కంపు ఉంటే నొప్పితో నమల్లేకపోతోందన్నమాట, అలాంటప్పుడు ఎంత ఖరీదైన ఫుడ్ తెచ్చినా అది కిందే పడుతుంది. నీళ్ళు మామూలుకంటే ఎక్కువ తాగుతోందా, మూత్రం ఎక్కువ పోస్తోందా అనేది కూడా గమనించి డాక్టర్‌కి చెప్పండి, కిడ్నీ జబ్బు, షుగర్ రెండిట్లోనూ ఈ లక్షణం ఉంటుంది. బ్లడ్ టెస్ట్, మూత్రం టెస్ట్ రెండూ చేయించండి.

ఇక ప్రోటీన్ తగ్గించాలి అన్న మాట. ఇది చాలామంది నమ్ముతారు కానీ ఆరోగ్యంగా ఉన్న ముసలి కుక్క విషయంలో తప్పండి. వయసు పెరిగేకొద్దీ కండ కరుగుతుంది, దాన్ని నిలబెట్టాలంటే మంచి ప్రోటీన్ ఇంకా ఎక్కువే కావాలి. నడుం మీద చెయ్యి పెట్టి తడమండి, వెన్నెముకకి రెండు పక్కలా గుంట పడి ఎముక చేతికి తగులుతుంటే కండ పోతోందని అర్థం. టెస్టుల్లో కిడ్నీ జబ్బు తేలితే అది వేరే సంగతి, అప్పుడు ముఖ్యంగా ఫాస్ఫరస్ తగ్గించిన ఫుడ్ డాక్టరే రాసిస్తారు, మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు.

ప్యాకెట్ మీద "సీనియర్" అని ఉందని కొనకండి. ఆ మాటకి ఇంత ప్రోటీన్, ఇంత కొవ్వు ఉండాలని ఖచ్చితమైన ప్రమాణం లేదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా చేస్తుంది. కొన్నిట్లో బరువు పెరగకూడదని కేలరీలు బాగా తగ్గిస్తారు, కదలిక తగ్గి లావెక్కిన ముసలి కుక్కకి అది మంచిదే కానీ చిక్కిపోతున్న మీ కుక్కకి పనికిరాదు. లేబుల్‌లో ఎదిగిన కుక్కలకి సంపూర్ణాహారం అని ఉందా, కిలోకి ఎన్ని కిలోకేలరీలు అని ఉందా చూడండి. డబ్బా తడి ఫుడ్‌లో 9 శాతం ప్రోటీన్ అని చూసి తక్కువ అనుకోకండి, అందులో 78 శాతం నీళ్ళే, నీళ్ళు తీసేసి లెక్కేస్తే 41 శాతం దాకా వస్తుంది. నోరు నొప్పిగా ఉన్నన్నాళ్ళు ఇలాంటి మెత్తటిదే పెట్టండి, లేదా పొడి పలుకుల్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఇవ్వండి, వాసన కూడా పైకి తేలి ఇష్టంగా తింటుంది.

ఎంత పెట్టాలంటే, మళ్ళీ 24 కిలోలకి రావాలి కాబట్టి ఆ బరువుకే లెక్కేద్దాం, రోజుకి సుమారు 950 నుంచి 1100 కిలోకేలరీలు. కిలోకి 3500 కిలోకేలరీలు ఉన్న పొడి ఫుడ్ అయితే దాదాపు 270 నుంచి 315 గ్రాములు, రెండు మూడు పూటలుగా పంచి పెట్టండి. ఇది మొదటి అంచనా మాత్రమే, కుక్క ఒంటిని బట్టి అటూఇటూ మార్చాలి. పాత తిండిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ 7 నుంచి 10 రోజుల్లో పూర్తిగా మార్చండి, ఒకేసారి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంట్లో వండి పెట్టాలనుకుంటే ఉత్త మాంసం, ధాన్యం పెట్టడం సరిపోదండి, మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ కాల్షియం చాలా తక్కువ, కొలతలు డాక్టర్‌తో రాయించుకోండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ అసలు వద్దు, ఉడికిన ఎముకలు కూడా వద్దు, పెళుసుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

వారానికోసారి ఒకే టైంలో తూకం వేసి రాసుకోండి. పళ్ళు బాగుచేయించి, తిండి పూర్తిగా తింటున్నా 3 వారాల్లో బరువు పెరగకపోతే ఆ కాగితం పట్టుకుని మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.