న్యాయ సలహా: నాచు కంపెనీ షేరు, బావమరిది అడిగిన ప్రామిసరీ నోటు

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. స్పిరులినా నాచు పెంచే ఒక చిన్న కంపెనీ షేరు గురించి రెండేళ్ల క్రితం ఒక టెలిగ్రామ్ ఛానల్‌లో విన్నాను. ఆరు వేలు కట్టి వాళ్ల ‘ప్రీమియం’ గ్రూపులో చేరాను. పదకొండు రూపాయల దగ్గర మొదలుపెట్టి, తగ్గినప్పుడల్లా ఇంకొన్ని కొని యావరేజ్ చేస్తూ 30,000 షేర్లు కొన్నాను. ఆఖరి విడతకు మా ఆవిడ బంగారం బ్యాంకులో పెట్టాను. ఇప్పుడు షేరు రెండు రూపాయల నలభై పైసలు. నాలుగు త్రైమాసికాల్లో ప్రమోటర్ల (కంపెనీ పెట్టి నడిపేవాళ్ల) వాటా 52 శాతం నుంచి 19 శాతానికి పడిపోయింది. గ్రూపు రెండుగా చీలిపోయింది. ‘ఓపిక పట్టండి, ప్లాంటు రెడీ అవుతోంది’ అని సగం మంది, ‘ఇదంతా మోసం’ అని సగం మంది. కోపంలో నేను ‘వీళ్లు దొంగలు, జనాన్ని నిలువునా ముంచారు’ అని రాశాను. వారం తిరక్కుండా కంపెనీ లాయరు దగ్గర్నుంచి నోటీసు వచ్చింది: క్షమాపణ చెప్పాలట, లేకపోతే 50 లక్షలకు పరువునష్టం దావా వేస్తారట. నా మాట మీద రెండు లక్షలు పెట్టిన మా బావమరిది, ఆ డబ్బుకు ప్రామిసరీ నోటు రాసివ్వమంటున్నాడు. గ్రూపు అడ్మిన్ ఏమో ‘రేపటి నుంచి రోజూ అందరం కలిసి తలా వెయ్యి షేర్లకు పై ధరలో ఆర్డర్ పెడదాం, షేరును నిలబెడదాం’ అంటున్నాడు. నా డబ్బు తిరిగి వస్తుందా? నేనేం చేయాలి?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మీరు డబ్బు సంగతి ముందు అడిగారు గానీ, నేను నోటు సంగతి ముందు చెబుతాను. ఎందుకంటే పోయిన డబ్బు పోయింది. నోటు మీద సంతకం పెడితే, పోనిది కూడా పోతుంది.

ఆ నోటు రాయకండి. రెవెన్యూ స్టాంపు మీద మీ సంతకం పడిందంటే, ఆ డబ్బు మీకు ముట్టినట్టే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ ప్రకారం కోర్టు మొదట భావిస్తుంది. ‘నేను అప్పు తీసుకోలేదు, ఆయన తన డీమ్యాట్‌లో తనే షేర్లు కొనుక్కున్నాడు’ అని నిరూపించుకునే భారం మీ నెత్తిన పడుతుంది. రాసిన తేదీ నుంచి మూడేళ్ల వరకూ ఆయన దావా వేయవచ్చు. ఆయన వేయకపోయినా, ఆ నోటు చేతులు మారితే వేరేవాళ్లు వేస్తారు. మన జిల్లాల్లో ఇంటి మనుషుల మధ్య ‘ఊరికే, నమ్మకం కోసం’ రాసుకున్న నోట్లు కోర్టు దాకా వచ్చి రెండిళ్లనూ చీల్చడం నేను చాలాసార్లు చూశాను.

నోటు లేకుండా చూస్తే, మీ బావమరిది నష్టానికి మీరు చట్టం దృష్టిలో బాధ్యులు కారు. ప్రతిఫలం తీసుకుని పెట్టుబడి సలహాలివ్వడం వృత్తిగా చేసుకున్నవారే, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2013 నిబంధనల ప్రకారం ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లు. మీరు ఆయన దగ్గర పైసా తీసుకోలేదు. నమ్మి చెప్పారు, అదే నమ్మకంతో మీరూ కొన్నారు. అబద్ధమని తెలిసీ చెబితేనే అది మోసం. ఆయనకు సాయం చేయాలని మీ మనసుకు అనిపిస్తే చేయండి, కాదనను. చేతిలో ఉన్నంత ఇవ్వండి, బ్యాంకు ద్వారా ఇవ్వండి. అప్పుగా మాత్రం కాగితం రాయకండి.

రెండోది, అడ్మిన్ పిలుపు. ఇందులో ఎట్టి పరిస్థితిలోనూ చేరకండి. మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నాకు అన్నిటికంటే భయం వేసింది ఈ వాక్యం దగ్గరే. పదిమందీ కూడబలుక్కుని, ధర పైకి కనిపించేలా ఆర్డర్లు పెట్టడం సెబీ 2003 మోసపూరిత, అనుచిత వ్యాపార పద్ధతుల నిషేధ నిబంధనల కింద మానిప్యులేషన్. ‘మేం చిన్నవాళ్లం, మా డబ్బు మేం కాపాడుకుంటున్నాం’ అన్న మాట అక్కడ చెల్లదు. అతి తక్కువ షేర్లతో పదేపదే పై ధరకు ఆర్డర్లు పెట్టినవాళ్ల మీద కూడా సెబీ ఉత్తర్వులిచ్చింది. సెబీ చట్టం 15హెచ్ఏ సెక్షన్ కింద జరిమానా కనీసం 5 లక్షలు. పైన 25 కోట్లు, లేదా వచ్చిన లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. రెండు లక్షల చిల్లర నష్టంలో ఉన్న మనిషి అయిదు లక్షల జరిమానాకు గురికావడం నేను ఊహించలేను. పైగా ఆ పై ధరకు మీరు కొంటుంటే, ఎదుటి వైపు అమ్మేది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. ఆ పిలుపు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ‘నేను ఇందులో లేను’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోండి. ఛానల్ నుంచి మాత్రం ఇప్పుడే బయటకు రావద్దు, సాక్ష్యం అంతా అక్కడే ఉంది.

ఇక పరువునష్టం నోటీసు. లాయరు నోటీసు అంటే కేసు కాదు. అలాగని చెత్తబుట్టలో వేయకండి, ఒక వకీలు ద్వారా గడువులోగా జవాబివ్వండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో పరువునష్టానికి రెండేళ్ల వరకూ సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ అని ఉంది. అదే సెక్షన్‌లో మినహాయింపులూ ఉన్నాయి. ప్రజల మేలు కోసం చెప్పిన నిజం పరువునష్టం కాదు. తన ప్రయోజనాన్ని, ఇతరుల ప్రయోజనాన్ని కాపాడుకోవడానికి సద్భావంతో చెప్పిన మాట కూడా కాదు. వాటాదారు ఇంకో వాటాదారును హెచ్చరించడం దీనికి చక్కగా సరిపోతుంది. మీకు ఇబ్బంది తెచ్చేది మీ అభిప్రాయం కాదు, ‘దొంగలు’ అన్న మాట. ఆ పోస్టును ముందు స్క్రీన్‌షాట్‌గా దాచి, తర్వాత సవరించి, దాని స్థానంలో లెక్కలు పెట్టండి: ‘ప్రమోటర్ల వాటా 52 నుంచి 19 శాతానికి తగ్గింది. ఎందుకు అమ్మారో కంపెనీ చెప్పాలి’. ఈ వాక్యం మీద దావా వేయడం ఏ లాయరుకైనా కష్టం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ గ్రూపులో రెండు వర్గాలూ వాదించుకుంటున్నది ‘నాచుకు భవిష్యత్తు ఉందా లేదా’ అని. చట్టానికి ఆ ప్రశ్నతో పని లేదు. నాచు నిజమైన వ్యాపారమే. తమిళనాడులోని ఊనయ్యూరులో ఈఐడీ ప్యారీ స్పిరులినా పండిస్తోంది. మరోపక్క నిజాయితీగా చేసి చేతులు కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో సోలజైమ్ అనే నాచు నూనె కంపెనీ 2011లో షేరు 18 డాలర్లకు పబ్లిక్ ఇష్యూకు వచ్చి, టెర్రావియాగా పేరు మార్చుకుని, 2017 ఆగస్టులో దివాలాకు దరఖాస్తు చేసింది. ఎక్సాన్‌మొబిల్ అంతటిది 2009లో మొదలుపెట్టిన నాచు ఇంధన పరిశోధనను వదిలేసుకుంది. అక్కడ వాటాదారులు నష్టపోయారు, కానీ వ్యాపారం ఫలించకపోవడం ఒక్కటే నేరం కాదు. చట్టం అడిగేది వేరు: కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పిన మాట చెప్పిన రోజున నిజమా? కాదని తెలిసి చెప్పారా? చెప్పి, ఆ ధర మీద తమ షేర్లు అమ్ముకున్నారా?

మీరు ఉత్తరంతో పాటు పంపిన కాగితాల్లో ఒక ప్రకటన ఉంది. ఐదెకరాల చెరువుల్లో ఏడాదికి 500 టన్నుల పొడి స్పిరులినా తీస్తామని ఎక్స్ఛేంజీకి రాశారు. మీరు రొయ్యల రైతు, ఈ లెక్క మీరే వేయగలరు. బయట వేసే చెరువుల్లో చదరపు మీటరుకు రోజుకు ఎనిమిది నుంచి పది గ్రాముల పొడి వస్తే మంచి దిగుబడి. ఐదెకరాలంటే సుమారు 20,000 చదరపు మీటర్లు. గట్లు, దారులు, ఆరబెట్టే షెడ్లు ఏవీ లేకుండా మొత్తం నీళ్లే అనుకుందాం. వానాకాలంలోనూ ఒక్క రోజు ఆగలేదనుకుందాం. పది గ్రాముల చొప్పున రోజుకు 200 కిలోలు, ఏడాదికి 73 టన్నులు. వీళ్లు చెప్పింది దానికి దాదాపు ఏడు రెట్లు. ఇది మీ ఫిర్యాదులో మొదటి పేరా కావాలి. తిట్లు కాదు, ఈ గుణకారం.

రెండో చోటు వార్షిక నివేదిక. అందులో కరెంటు, ఇంధనం ఖర్చు ఎంత చూపారో చూడండి. మీ చెరువులో ఏరేటర్లు తిరిగితే బిల్లు ఎంత వస్తుందో మీకు తెలుసు. నాచు నీటిని రోజంతా కదిలించే పాడిల్ వీల్స్, తడి నాచును పొడి చేసే డ్రయ్యర్లు నడిచే యూనిట్‌కు కరెంటు ఖర్చు నామమాత్రంగా ఉంటే, అక్కడ ఉత్పత్తి ఏ మేరకు జరుగుతోందో ఆ అంకే చెబుతుంది. స్పిరులినాను ఆహారంగా అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు కావాలి. ఆ నంబరు 14 అంకెలు, ఆన్‌లైన్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

మూడోది తేదీలు. ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గడులు గీయండి. కంపెనీ ప్రకటనల తేదీలు ఒకటి, ఛానల్‌లో ‘కొనండి’ అన్న పోస్టుల తేదీలు ఒకటి, ప్రమోటర్లు అమ్మిన తేదీలు ఒకటి. ప్రమోటరు తన షేర్లు అమ్ముకోవడం తప్పు కాదు. కానీ త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఫలితాలు వెలువడిన 48 గంటల దాకా ట్రేడింగ్ విండో మూసి ఉంటుంది, ఆ మధ్యలో లోపలివాళ్లు అమ్మకూడదు. ఒక త్రైమాసికంలో పది లక్షలు దాటిన లావాదేవీలను వెల్లడించాలి. వాటా రెండు శాతానికి మించి మారితే అదీ వెల్లడించాలి. ఇవన్నీ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. దొరక్కపోతే, ఆ దొరక్కపోవడమే ఒక ఉల్లంఘన.

ఈ మూడు గడుల పద్ధతి నా సొంతం కాదు. సాధనా బ్రాడ్‌కాస్ట్ అనే కంపెనీ షేర్ల వ్యవహారంలో 2023 మార్చిలో సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చదవండి. యూట్యూబ్‌లో అబద్ధపు వీడియోలు, వాటి వెంట పెరిగిన ధర, చిన్న మదుపరుల వరద, ఆ వరదలో షేర్లు దులుపుకున్నవాళ్లు: అన్నీ తేదీల వారీగా ఉంటాయి. 2025 మేలో వచ్చిన తుది ఉత్తర్వులో సుమారు 58 కోట్ల అక్రమ లాభాన్ని వడ్డీతో కక్కమంది, పలువురిని మార్కెట్ నుంచి నిషేధించింది.

ఫిర్యాదు క్రమం ఇది. ముందు కంపెనీ కంప్లయన్స్ ఆఫీసరుకు (నిబంధనల అమలు చూసే అధికారికి) ఈమెయిల్. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా సెబీ వారి ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్‌లో నమోదు చేయండి. కంపెనీ 21 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు తృప్తిగా లేకపోతే 15 రోజుల్లో సమీక్ష కోరాలి, ఆ గడువు దాటనివ్వకండి. స్కోర్స్‌కు ఘటన జరిగిన ఏడాదిలోగా వెళ్లాలి కాబట్టి, రెండేళ్ల నాటి మొదటి ప్రకటన కంటే ఇటీవలి ప్రకటనలు, అమ్మకాల మీద దృష్టి పెట్టండి. పాతవి నేపథ్యంగా రాయండి. ఛానల్ నడిపేవాళ్ల మీద మాత్రం విడిగా, ముంబై బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని సెబీ ప్రధాన కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. భీమవరం సివిల్ కోర్టులో దావా వేద్దామని ఎవరైనా చెబితే డబ్బు కట్టకండి. సెబీ తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టులకు అధికారం లేదని ఆ చట్టమే చెబుతోంది. పోలీసు ఫిర్యాదుకు అడ్డు లేదు, న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం అని ఇవ్వవచ్చు.

ఫోన్ మార్చకండి. ఛాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకోండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జత చేయాలి, ఒరిజినల్ పరికరం మీ దగ్గరుంటే ఆ పని తేలిక.

డబ్బు వస్తుందా అన్నారు కదా. రెండు రకాల డబ్బును విడదీసి చూడండి. ఛానల్‌కు కట్టిన ఆరు వేలు ఒకటి. రిజిస్ట్రేషన్ లేకుండా ఫీజు వసూలు చేసి సలహాలిచ్చినవాళ్లను, ఆ ఫీజు ఖాతాదారులకు తిరిగి ఇవ్వమని సెబీ చాలా ఉత్తర్వుల్లో చెప్పింది. రీసెర్చ్ అనలిస్టు నంబరు ఐఎన్‌హెచ్‌తోనూ, అడ్వైజర్ నంబరు ఐఎన్ఏతోనూ మొదలవుతాయి. సెబీ జాబితాలో వాళ్ల పేరు లేకపోతే, మీ యూపీఐ రసీదే మీ గట్టి ఆధారం. గ్రూపులో ఆరు వేలు కట్టినవాళ్లందరూ కలిసి రాస్తే ఫిర్యాదుకు బరువు ఎక్కువ.

షేర్లలో పోయింది రెండోది. దాని మీద మీకు ఆశ పెట్టలేను. కక్కించిన సొమ్ము సాధారణంగా మదుపరుల రక్షణ నిధికి వెళుతుంది. నష్టపోయినవాళ్లకు పంచిన సందర్భాలు లేకపోలేదు, 2003-05 నాటి ఐపీఓ కుంభకోణంలో 2010లో దాదాపు 12.75 లక్షల మందికి సుమారు 23 కోట్లు పంచారు. మనిషికి సగటున రెండొందలు కూడా రాలేదు, పైగా అయిదేళ్లు పట్టింది. కంపెనీల చట్టం 245వ సెక్షన్ కింద వంద మంది సభ్యులు కలిసి కంపెనీ వివాదాల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో క్లాస్ యాక్షన్ (అందరి తరఫున ఒకే దావా) వేయవచ్చు. మీ గ్రూపులో వంద మంది నిజమైన వాటాదారులు దొరికితే ఆలోచించదగిన దారే, కానీ ఖర్చు, సమయం లెక్క వేసుకుని దిగండి.

అమ్మాలా ఉంచాలా అన్నది లాయరు చెప్పేది కాదు. షేరు జీఎస్ఎం అనే దశలవారీ నిఘాలో ఉందా, ఉంటే ఏ దశలో ఉందో మాత్రం ఎక్స్ఛేంజీ సైట్‌లో చూడండి. అందులో పై దశలకు చేరితే వారానికి ఒక్కరోజే ట్రేడింగ్ ఉంటుంది, అప్పుడు అమ్ముదామన్నా కొనేవాడు ఉండడు. అమ్మితే ఆ నష్టాన్ని రిటర్నులో చూపండి. ఏడాది దాటి ఉంచుకున్న షేర్ల నష్టం దీర్ఘకాలిక లాభాల్లోనే తగ్గుతుంది, ఈ మధ్య యావరేజ్ చేసిన షేర్లది ఏ మూలధన లాభంలోనైనా తగ్గుతుంది. గడువులోగా రిటర్ను వేస్తే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లవచ్చు. అమ్మగా వచ్చే డెబ్బై వేల పైచిలుకును మళ్లీ ఈ షేరులోకి తేకుండా, ముందు బ్యాంకులో ఉన్న బంగారం విడిపించండి.